పరిశోధన పత్రానికి గట్టి ప్రతిపాదన వాక్యం రాయడం ఎలా: వీరేశలింగం మీద ఒక పత్రం ఉదాహరణగా

పరిశోధన పత్రాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లు మొదటి పేజీలో వెతికేది ఒక్కటే: ఇంతకీ ఈ పత్రం ఏమంటోంది? దానికి జవాబు చెప్పే ఒకటి రెండు వాక్యాలనే ప్రతిపాదన వాక్యం అంటాం. కాలేజీల్లో థీసిస్ స్టేట్‌మెంట్ అని వినిపించేది ఇదే. పీహెచ్‌డీకి సమర్పించే సిద్ధాంత గ్రంథం సంగతి వేరు; ఇక్కడ మాట్లాడుకునేది పది పదిహేను పేజీల పత్రానికి వెన్నెముకగా నిలిచే వాక్యం గురించి.

తెలుగులో వస్తున్న సదస్సు పత్రాల్లో చాలావాటికి ఈ వాక్యమే ఉండదు. అంశం ఉంటుంది, సమాచారం ఉంటుంది, ఉటంకింపులు వరసగా ఉంటాయి, చివరి పేజీ తిప్పాక కూడా రచయిత ఏం తేల్చారో అంతుపట్టదు. అది చదువు తక్కువై కాదు. సమాచారం పోగుచేయడమే పరిశోధన అని మనకు అలవాటు చేశారు, దాన్నుంచి ఒక మాట తేల్చి చెప్పమని ఎవరూ గట్టిగా అడగలేదు. అలవాటు చేసుకుంటే ఇది వచ్చే పనే. ఒక్క ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఎంచుకున్న అంశం: కందుకూరి వీరేశలింగం వితంతు వివాహ ఉద్యమం. తెలుగు, చరిత్ర విభాగాల్లో విద్యార్థులు తరచూ ఎంచుకునే అంశం, తరచూ పాడుచేసే అంశం కూడా.

ప్రతిపాదన కానివి

ముందు ఈ నాలుగు వాక్యాలు చూడండి. నాలుగూ పత్రాల మొదటి పేజీల్లో కనబడే రకమే.

1. ఈ పత్రంలో కందుకూరి వీరేశలింగం వితంతు వివాహ ఉద్యమాన్ని గురించి చర్చించడం జరుగుతుంది.
2. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం వితంతు వివాహం జరిపించారు.
3. స్త్రీ జనోద్ధరణకు వీరేశలింగం చేసిన కృషి అనన్య సామాన్యం అనడంలో అతిశయోక్తి లేదు.
4. వీరేశలింగం ఉద్యమం తెలుగు సమాజంపై ఎంతో ప్రభావం చూపింది.

మొదటిది ప్రకటన. ఏం చర్చిస్తారో చెప్పింది, ఏం తేలిందో చెప్పలేదు. రెండోది వాస్తవం. అది నిజమే కాబట్టి రుజువు చేయాల్సిన పని లేదు, పత్రం మొదటి వాక్యంలోనే అయిపోయింది. మూడోది స్తుతి. స్తుతికి ఆధారం అక్కర్లేదు, అందుకే అది పరిశోధన కాదు. నాలుగోది చూడ్డానికి వాదనలా ఉంటుంది, అసలు ప్రమాదం దీనితోనే. ఏ ప్రభావం? ఎవరి మీద? ఎప్పుడు? ఆ వాక్యంలో వీరేశలింగం పేరు తీసేసి గురజాడ పేరో గిడుగు పేరో పెట్టినా అతికిపోతుంది. ఎవరి పేరు పెట్టినా అతికే వాక్యం ఎవరి గురించీ ఏమీ చెప్పనట్టే.

గట్టి ప్రతిపాదనకు రెండు పరీక్షలు చాలు. మొదటిది: దీన్ని బుద్ధి ఉన్న మనిషి కాదనగలడా? ఎవరూ కాదనలేకపోతే అది వాస్తవం, ప్రతిపాదన కాదు. రెండోది: "అయితే ఏంటి?" అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబుందా? పై నాలుగింటిలో ఏదీ ఈ రెండూ దాటదు.

ప్రశ్న దొరికితే సగం పని అయినట్టే

అంశం నుంచి నేరుగా ప్రతిపాదనలోకి దూకడానికి ప్రయత్నిస్తే వచ్చేవి పై వాక్యాలే. మధ్యలో ప్రశ్న కావాలి. అదీ "ఏమిటి", "ఎవరు" అన్నవి కాదు. "ఎందుకు", "ఎలా", "ఎంతమేరకు" అన్నవి. మంచి ప్రశ్న సాధారణంగా రెండు వాస్తవాల మధ్య పొసగని చోట పుడుతుంది. కాబట్టి చదువుతున్నప్పుడు నోట్సులో ఒక పేజీ వదిలిపెట్టి, వింతగా అనిపించినవన్నీ తేదీలతో అక్కడ రాసుకోండి. మన అంశంలో అలాంటివి ఇవి:

హిందూ వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది 1856 జులైలో. బెంగాల్ సంస్కర్త ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చొరవతో కలకత్తాలో ఆ చట్టం కింద మొదటి పెళ్లి అదే ఏడాది డిసెంబరు 7న జరిగింది. రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన మొదటి పెళ్లి 1881 డిసెంబరు 11న. చట్టం రెండుచోట్లా ఒకటే. ఒకచోట అయిదు నెలలు పట్టింది, ఇంకోచోట పాతికేళ్లు. ఎందుకు?

అదీ ప్రశ్న. తేదీలు మూడూ అచ్చయిన పుస్తకాల్లో దొరికేవే, కొత్త సమాచారం ఒక్కటీ లేదు. పక్కపక్కన పెట్టడమే కొత్త. పరిశోధనంటే ఎవరూ చూడని తాళపత్రం వెలికితీయడమే అనుకుని భయపడే విద్యార్థులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న స్థిరపడడానికి ముందు ఎంత చదవాలి? కనీసం ఒక మూలాధారం, అంటే ఆ కాలపు మనిషి రాసిందో ఆ కాలపు కాగితమో, దానికి తోడు తర్వాతివాళ్ల విశ్లేషణలు నాలుగైదు. మన అంశానికి మూలాధారాలు మూడున్నాయి: 1856 చట్టం పాఠం, వీరేశలింగం స్వీయచరిత్ర, ఆయన 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని పత్రిక. చట్టం చాలా చిన్నది, ఒక్క కూర్చోవడంలో చదివేయవచ్చు. అయినా దాన్ని చదవకుండానే దాని గురించి రాసే పత్రాలు ఎన్నో. ఆ చట్టంలోనే మన ప్రతిపాదన సగం దాగి ఉందని కాసేపట్లో చూస్తారు.

జవాబులన్నీ రాసి, ఒక్కొక్కటీ పరీక్షించండి

ప్రశ్న దొరకగానే మనసుకు మొదట తట్టిన జవాబునే పట్టుకుని వేలాడడం అందరూ చేసే పని. అలా చేయకండి. సాధ్యమైన జవాబులు కనీసం మూడు నాలుగు రాయండి, ప్రతిదానికీ ఎదురుగా "ఇది నిజమైతే ఇంకేం కనబడాలి?" అని అడగండి.

మొదటి జవాబు: చట్టం వచ్చిన సంగతి ఇక్కడివాళ్లకు తెలియదు. ఇది నిజమైతే, తెలిసిన వెంటనే పెళ్లి జరగాలి. కాని వీరేశలింగం రాజమండ్రిలో ఈ విషయం మీద బహిరంగ ఉపన్యాసాలు మొదలుపెట్టింది 1879లో. ఊరంతా చర్చ జరిగింది, ఖండనలు వచ్చాయి. ఆ తర్వాత కూడా రెండేళ్లు దాటాకే పెళ్లి. తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు.

రెండో జవాబు: శాస్త్రం ఒప్పుకోదన్న నమ్మకం. ఇది నిజమైతే శాస్త్ర ప్రమాణం చూపించాక అడ్డు తొలగాలి. పరాశర స్మృతిని ప్రమాణంగా చూపుతూ విద్యాసాగర్ చట్టానికి ముందే పుస్తకం రాశారు. వీరేశలింగం కూడా 1879లో శాస్త్ర ప్రమాణాలతోనే వాదించారు. ప్రమాణం దొరికింది, పెళ్లి జరగలేదు. ఇదీ చాలదు.

మూడో జవాబు: వెలి. ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబంలో ఇలాంటి పెళ్లి చేసుకున్నా చేయించినా హాజరైనా కులం వెలి వేస్తుంది. పురోహితుడు రాడు, వంటవాడు రాడు, నీళ్లు మోసేవాడు రాడు, అద్దెకు ఇల్లు దొరకదు, బంధువులు ఇంట్లో భోంచేయరు. 1881లో పెళ్లికి వెళ్లి తర్వాత ప్రాయశ్చిత్తం చేసుకున్నవాళ్లు ఉన్నారు. ఇది నిజమైతే, వెలిని భరించే ఏర్పాటు జరిగిన తర్వాతే పెళ్లి జరిగి ఉండాలి. 1879కీ 1881కీ మధ్య వచ్చిన మార్పేమిటని చూస్తే అదే కనబడుతుంది: కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం, వెంట నిలిచిన మిత్రులు, విద్యార్థులు. ఈ జవాబు నిలబడుతోంది.

నాలుగో జవాబు చట్టం చదివినవాళ్లకే తడుతుంది. అందులో రెండో సెక్షన్ ప్రకారం, వితంతువు మళ్లీ పెళ్లాడితే చనిపోయిన భర్త ఆస్తిలో వారసత్వంగా గాని భరణంగా గాని ఆమెకున్న హక్కు పోయేది. అంటే పెళ్లిని చెల్లుబాటు చేసిన చట్టమే ఆమె తిండికి ఉన్న ఆధారాన్ని తీసేసింది. ఇప్పుడు మూడో జవాబూ నాలుగో జవాబూ కలుస్తున్నాయి. రెండూ బతుకుతెరువు సంగతే చెబుతున్నాయి.

ఇలా రెండు జవాబులు కలిసే చోటు దొరికితే అక్కడ ఆగండి. ఆ చోటు నుంచే ప్రతిపాదన పుడుతుంది. కొట్టేసిన జవాబులను పారేయకండి. పత్రంలో ఎదుటి వాదాలను చర్చించే భాగానికి అవే ముడిసరుకు.

మొదటి ముసాయిదా, దాన్ని మాట మాటగా విప్పడం

మొదటి ముసాయిదా ఇలా వస్తుంది అనుకుందాం:

"తెలుగునాట మొట్టమొదటి వితంతు వివాహాలు జరగడానికి 1856 చట్టం కంటే వీరేశలింగం సమకూర్చిన ఆర్థిక సహాయమే ఎక్కువ దోహదం చేసింది."

ఇది ఇప్పటికే పై నాలుగు వాక్యాల కంటే ఎంతో మెరుగు. కాదనడానికి వీలుంది, "అయితే ఏంటి" అంటే జవాబుంది. కాని ఇంకా గట్టిపడాలి. చేయాల్సిన పని ఇది: వాక్యాన్ని తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, బరువున్న ప్రతి మాట కింద గీత గీసి, దాని కింద రుజువేమిటో, ఏ పుస్తకం ఏ పేజీయో రాయండి. రుజువు రాయలేని మాట దొరికితే ఆ మాటను మార్చాలి, లేదా తీసేయాలి. ఈ వాక్యంలో మూడు మాటలు నిలబడవు.

"తెలుగునాట మొట్టమొదటి". ఇది పెద్ద పొరపాటు. తెలుగునాట చాలా కులాల్లో మారుమనువు ఆచారం ఎప్పటినుంచో ఉంది. భర్త పోయిన స్త్రీ మళ్లీ మనువాడడం వాళ్లకు కొత్త కాదు, దానికి 1856 చట్టమూ అక్కర్లేకపోయింది. వీరేశలింగం జరిపించిన పెళ్లిళ్లు కొత్తవి అయింది ఆ ఆచారం లేని బ్రాహ్మణ కుటుంబాల్లో. కాబట్టి వాక్యంలో ఆ పరిధి ఉండి తీరాలి. అగ్రవర్ణాల అనుభవాన్ని మొత్తం తెలుగు సమాజం అనుభవంగా రాయడం మన సాహిత్య చరిత్ర పత్రాల్లో పాతుకుపోయిన అలవాటు. పరిధి సరిగ్గా గీస్తే ఆ తప్పు దానంతటదే పోతుంది. ఇక "మొట్టమొదటి" అన్న మాట. దాన్ని రుజువు చేయాలంటే అంతకు ముందు ఎక్కడా జరగలేదని చూపించాలి. అది ఎవరివల్లా కాదు. "మొట్టమొదటి", "ఏకైక", "ఎవరూ" లాంటి మాటలు ప్రతిపాదనలో కనబడితే తీసేయండి.

"కంటే ఎక్కువ". పోల్చారంటే కొలవాలి. చట్టం ఎంత దోహదం చేసింది, డబ్బు ఎంత దోహదం చేసింది అన్నదానికి తూకం ఏది? చట్టం లేకపోతే పుట్టిన బిడ్డలకు వారసత్వం ఉండేది కాదు, అసలు పెళ్లే చెల్లేది కాదు. ఈ ఆక్షేపణకు ముసాయిదా దగ్గర జవాబు లేదు. కొలతకు బదులు వరసను వాదించండి: ఒకటి ఉండీ సరిపోలేదు, రెండోది వచ్చాకే జరిగింది. వరసను తేదీలతో రుజువు చేయవచ్చు.

"ఆర్థిక సహాయం". మరీ ఇరుకు, మరీ పలచన. పురోహితుడు రాకపోవడం డబ్బు సమస్య ఒక్కటే కాదు. నిజంగా కావాల్సినవి ఏమిటో పేర్లు పెట్టి చెప్పండి: డబ్బు, ఉండడానికి ఇల్లు, పక్కన నిలిచే మనుషులు. ఇలా పేర్లు పెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. ఆ పేర్లే తర్వాత పత్రంలో ఉపశీర్షికలవుతాయి.

ఇవన్నీ సవరిస్తే:

"1856 చట్టం వితంతు వివాహాన్ని చెల్లుబాటు చేసినా, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తి నుంచి దక్కే భరణాన్ని తీసేసింది, కులం వెలి వేసి మిగిలిన అండనూ తీసేసింది. అందుకే రాజమండ్రి బ్రాహ్మణ కుటుంబాల్లో 1879 నాటి శాస్త్ర చర్చ, ఆ రెండు లోట్లనూ పూడ్చే డబ్బూ ఇల్లూ మనుషులూ వీరేశలింగం చుట్టూ సమకూరాకే 1881 డిసెంబరులో పెళ్లి దాకా వచ్చింది."

ఈ ప్రతిపాదనలో చోటుంది, కాలముంది, ఎవరి గురించో ఉంది, కారణముంది, ఎదుటివాళ్ల మాటకు కొంత ఒప్పుకోలు కూడా ఉంది. ముఖ్యంగా ఇది తప్పు కాగలదు. 1879కి ముందే అండ అంతా సిద్ధంగా ఉందని చూపే ఉత్తరం ఒకటి బయటపడితే ఈ వాదం కూలిపోతుంది. ఏ ఆధారం దొరికితే మీ ప్రతిపాదన కూలుతుందో మీరే చెప్పగలగాలి. అలాంటిదేదీ ఊహించలేకపోతే మీరు వాదించడం లేదు, పొగుడుతున్నారు.

ఒక జాగ్రత్త. ఈ వాదానికి ప్రధాన ఆధారం వీరేశలింగం స్వీయచరిత్రే అయితే, ఆయన గురించి ఆయనే సాక్షి అవుతారు. ఎవరి సాయం ఎంత అన్నది ఆయన చెప్పినట్టే జరిగిందని అనుకోకూడదు. అప్పటి పత్రికల్లో, ప్రత్యర్థుల రాతల్లో సరిచూడాలి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాల్లో కూర్చోవాల్సిన అవసరం ఇక్కడే వస్తుంది. అంత సమయం లేకపోతే ప్రతిపాదనను తగ్గించండి: "వీరేశలింగం స్వీయచరిత్ర చూపుతున్న మేరకు" అని చేర్చండి. చేతిలో ఉన్న ఆధారం ఎంతో ప్రతిపాదన అంతే ఉండాలి. మూడు వారాల్లో ఇవ్వాల్సిన సెమిస్టర్ పత్రానికి తగ్గించిన ప్రతిపాదనే సరైనది, అందులో చిన్నతనం లేదు.

తెలుగు వాక్యం తెచ్చే చిక్కులు

ప్రతిపాదన తెలుగులో రాసేటప్పుడు క్రియ చివర వస్తుంది. కాబట్టి అసలు మాట కూడా చివరికే వెళ్తుంది. మధ్యలో "అయినప్పటికీ", "కారణంగా", "నేపథ్యంలో" అంటూ నాలుగు ఉపవాక్యాలు దూరిస్తే పాఠకుడు క్రియ దగ్గరికి చేరేసరికి మొదలు మర్చిపోతాడు. విరుగుడు సులువు: ఇరవై పదాలు దాటుతుంటే రెండు వాక్యాలు చేయండి. మొదటి వాక్యంలో ఒప్పుకోలు, నేపథ్యం. రెండో వాక్యంలో మీ వాదం. రెండో వాక్యం మొదట్లో "అందుకే", "కాని", "నిజానికి" లాంటి మాట ఉంటే బంధం తెలుస్తుంది. సవరించిన ప్రతిపాదనలో "అందుకే" చేసిన పని అదే. అందులోని రెండు వాక్యాలూ ఇరవై పదాలకు కొంచెం మించే ఉన్నాయి, నిజమే. పేర్లూ తేదీలూ మోసే వాక్యానికి ఆ మాత్రం పొడవు ఒప్పుకోవచ్చు.

ఒప్పుకోలు ఎప్పుడూ ముందు రావాలి. "వెలి భయమే అసలు అడ్డంకి, చట్టం కూడా అవసరమే అయినప్పటికీ" అని రాస్తే చివర మిగిలేది చట్టం మాట. తెలుగులో చివరి మాటకే బరువు.

కొన్ని మాటలు ప్రతిపాదనలో కనబడితే కొట్టేయండి. "అని చెప్పవచ్చు": చెప్పండి, చెప్పవచ్చు అనకండి. "అనడంలో సందేహం లేదు": సందేహం ఉన్నచోటే ఈ మాట వస్తుంది. "చర్చించడం జరిగింది", "గుర్తించబడింది": ఎవరు చేశారో దాచే వాక్యాలు. కారణాన్ని వాదించే పత్రంలో కర్తను దాచకూడదు. "విశేష కృషి", "ప్రముఖ పాత్ర", "బహుముఖ ప్రజ్ఞ": ఇవి సన్మాన పత్రాల భాష. "అనేక కారణాలు": ఎన్నో చెప్పండి, పేర్లు చెప్పండి. వీటిని తీసేశాక వాక్యంలో ఏమీ మిగలకపోతే, మొదటినుంచీ అందులో ఏమీ లేదన్నమాట.

భాష వ్యావహారికంలో ఉన్నా శిష్టంగా ఉన్నా ఫర్వాలేదు, విభాగం పద్ధతిని బట్టి. అర్థం ఒక్కసారి చదివితే తెలియాలి. మీ సబ్జెక్టు కాని స్నేహితుడికి చదివి వినిపించి, వాక్యం చూడకుండా తన మాటల్లో చెప్పమనండి. తను చెప్పిందీ మీరు అనుకున్నదీ వేరైతే తప్పు వాక్యానిదే.

వేరే సబ్జెక్టుల్లో

ఆర్థికశాస్త్రం, ఆర్థిక చరిత్రల్లో ఎక్కువ జారిపడేది కారణం దగ్గర. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, తర్వాత డెల్టా జనాభా పెరిగింది. "ఆనకట్ట వల్ల జనాభా పెరిగింది" అని రాయడం తేలిక. కాని ముందు ఇది వచ్చింది, తర్వాత అది జరిగింది అన్నంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. కరువులు తగ్గాయా, వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చారా, శిస్తు పద్ధతి మారిందా, జిల్లా హద్దులు మారాయా, లెక్క తీసిన తీరు మారిందా? ప్రతిపాదనలో కారణం పేరుతో పాటు అది పనిచేసిన దారి కూడా ఉండాలి. నీరు వచ్చి పంట నిలకడ పడితే వలస ఆగుతుంది, వలస ఆగితే జనాభా పెరుగుతుంది: ఇలా ఒక్కో మెట్టూ విడిగా చూపించగలిగేలా రాస్తే, ఏ మెట్టు దగ్గర ఆధారం లేదో మీకే తెలుస్తుంది. పట్టు అక్కడ బిగించాలి.

సర్వే పత్రాల్లో రెండు దశలుంటాయి. ప్రశ్నావళి పంచక ముందు రాసేది పరికల్పన. ఫలితాలు వచ్చాక రాసేది ప్రతిపాదన. రైతు బజార్ల మీద పత్రమైతే "రైతు బజార్లు రైతులకు ఎంతో మేలు చేస్తున్నాయి" అన్నది రెండూ కాదు. "బజారుకు దూరంగా ఉన్న ఊళ్ల రైతులకు రవాణా ఖర్చు వల్ల దళారీ లేని లాభం మిగలదు" అన్నది పరికల్పన. దూరం కొలవవచ్చు, ఖర్చు అడగవచ్చు, తప్పని తేలవచ్చు. తప్పని తేలితే దాచకండి, ప్రతిపాదనను తిరగేసి రాయండి. తప్పని తేలిన పరికల్పన కూడా ఫలితమే.

సైన్సు పత్రాలకు పెద్దగా చెప్పాల్సింది లేదు. అక్కడ ప్రతిపాదన స్థానంలో ప్రధాన ఫలితం ఉంటుంది, అంకెతో సహా.

ఎక్కడ పెట్టాలి, దాన్నుంచి పత్రం ఎలా లేస్తుంది

మూడు వేల పదాల పత్రానికి పరిచయం 250 పదాలు మించకూడదు, దాని చివరి వాక్యాలే ప్రతిపాదన. పరిచయం ప్రశ్నను పుట్టించాలి, ప్రతిపాదన జవాబివ్వాలి. మన ఉదాహరణలో 1856, 1881 తేదీలను పక్కపక్కన పెడితే చాలు, పాఠకుడి మనసులో "ఎందుకు" పుడుతుంది. వీరేశలింగం పుట్టుక, తల్లిదండ్రులు, బాల్యం ఈ పత్రంలోకి రావాల్సిన పనే లేదు. తెలుగు పత్రాల్లో మొదటి రెండు పేజీలు మింగేసేది ఈ జీవిత విశేషాలే. సదస్సుకు పంపే సారాంశంలో కూడా ప్రతిపాదనను వీలైనంత ముందు పెట్టండి. కమిటీ చదివేది వందల సారాంశాలు, ఆఖరి పంక్తి దాకా ఓపిక ఉండకపోవచ్చు.

తర్వాత ప్రతిపాదనను ముక్కలు చేసి భాగాలకు పంచండి. మన వాక్యం నుంచి వచ్చే పంపకం ఇది: చట్టం ఇచ్చిందేమిటి, తీసేసిందేమిటి, 500 పదాలు. వెలి ఎలా పనిచేస్తుంది, 600. 1879 నుంచి 1881 దాకా ఏం సమకూరింది, 900. వాదానికి గుండె ఇదే కాబట్టి ఎక్కువ చోటు దీనికే. ఎదుటి వాదాలు, 450. మిగిలిన 300 ముగింపుకు. ఏ భాగానికైనా ప్రతిపాదనలో మాట దొరక్కపోతే ఆ భాగం అనవసరం. ప్రతిపాదనలో మాట ఉండీ దానికి భాగం లేకపోతే వాగ్దానం చేసి ఎగ్గొట్టినట్టు.

ఎదుటి వాదాల భాగాన్ని మొక్కుబడిగా రాయకండి. ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది: కలకత్తాలో మరి అయిదు నెలల్లో ఎలా జరిగింది? అక్కడా వెలి ఉంది కదా? దీనికి జవాబు వెతికితే వాదం ఇంకా బలపడుతుంది. విద్యాసాగర్ ఈ పెళ్లిళ్లకు సొంత డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టి అప్పులపాలయ్యారు. అంటే అక్కడా ఎవరో ఒకరు లోటు పూడ్చాకే పెళ్లి జరిగింది. ఎదురుగా నిలిచే ఉదాహరణ మీ వైపుకు రావడం ప్రతిసారీ జరగదు. రానప్పుడు ప్రతిపాదనలో పరిధిని ఇంకొంచెం తగ్గించి, ఎందుకు తగ్గించారో ఆ భాగంలోనే రాయండి.

పత్రం పూర్తయ్యాక మళ్లీ ఒకసారి

రాస్తున్నకొద్దీ వాదం కదులుతుంది. మొదట రాసుకున్న ప్రతిపాదన, చివరికి తేలిన మాట ఒకటి కాకపోవడం మామూలే. అందుకని ముసాయిదా అయ్యాక ఒక పని చేయండి. ప్రతి పేరా పక్కన అంచులో అది ఏమంటోందో నాలుగైదు మాటల్లో రాయండి. ఆ మాటలన్నీ వరసగా ఒక కాగితం మీదకు ఎక్కించి, మొదటి పేజీలోని ప్రతిపాదన చూడకుండా, వాటినుంచి మాత్రమే కొత్తగా ఒక ప్రతిపాదన రాయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా ఉంటే సాధారణంగా కొత్తదే నిజం, ఎందుకంటే ఆధారాల మీద నిలబడింది అదే. మొదటి పేజీలో దాన్ని పెట్టి, పరిచయాన్ని దానికి తగ్గట్టు సవరించండి, సారాంశాన్నీ శీర్షికనూ కూడా. గైడ్‌కు చూపించేటప్పుడు పాత వాక్యం, కొత్త వాక్యం రెండూ ఒకే కాగితం మీద ఇచ్చి, మధ్యలో ఏ ఆధారం వల్ల మారిందో ఒక పంక్తి రాయండి. మొత్తం పత్రం ఇచ్చి "ఎలా ఉంది సార్" అని అడిగినప్పటి కంటే పనికొచ్చే సలహా వస్తుంది.